పడవ ముక్కున కుర్చీ

పడవలో ముందు కూర్చోవడం తక్కువతనమని మొదట ఎవరు చెప్పారో నాకు తెలియదు. తెలిస్తే వాళ్ల గుమ్మంలో నిలబడి కడిగేసి వచ్చేదాన్ని. ఈ వయసులో అంత కోపం మంచిది కాదని ఇంట్లో అందరూ నాకు సుద్దులు చెబుతారు. ఏం చేయను, ఆ పడవ గుర్తొస్తే నాకు ముద్ద దిగదు.

అరవైల మొదట్లో మాట. గురజాల అవతల కృష్ణ ఒడ్డున ఒక రేవు ఉండేది. రేవు గట్టు మీద మిషను వాళ్లు కట్టిన రెండు గదుల ఆసుపత్రి. డాక్టరమ్మ వారానికోసారి వచ్చి వెళ్లేది. మిగతా రోజులన్నీ నేనే. నర్సు చదువు చదివి, కాన్పులు చేయడం నేర్చుకుని, పెళ్లయ్యాక అక్కడికి వచ్చాను. చిన్నా పెద్దా అందరికీ నర్సమ్మనే. మా ఆయన పిడుగురాళ్లలో సున్నపురాయి లారీ తోలేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన మాట్లాడాల్సినవి కూడా నేనే మాట్లాడేదాన్ని. “నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోటికి మనకి ఏ ఊరూ మిగలదే” అని నవ్వేవాడు.

ఏటికి అవతల నల్గొండ జిల్లా. మా చెల్లెల్ని అక్కడికే ఇచ్చాం. మా గట్టు మీద నిలబడితే వాళ్ల ఊరి తాటిచెట్లు కనపడతాయి. కనపడితే ఏం లాభం, మధ్యలో ఏరు. దాటాలంటే బల్లకట్టు ఒక్కటే దిక్కు. రెండు పెద్ద పడవల్ని జతచేసి పైన బల్లలు పరిస్తే అది బల్లకట్టు. బండి, ఎద్దులు, మనుషులు అన్నీ ఎక్కొచ్చు. గెడలు వేసి తోస్తూ దాటిస్తారు. ఏరు నిండితే గెడకు అడుగు అందదు, బల్లకట్టు కదలదు.

చెల్లెలి తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, మా పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు కనుక నా దగ్గరికే పంపాలి. మంచిరోజు చూసి పంపుతామన్నారు వాళ్ల అత్తగారు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లి ప్రార్థన చేసే మనుషులే. అయినా మంచిరోజు కావాలి. మంచిరోజు వచ్చేలోపు ఏరు వచ్చింది. అవతల ఒడ్డున ఎండుగడ్డి పోగేసి నిప్పు పెట్టి, పైన పచ్చి ఆకు వేస్తే పొగ లేస్తుంది. ఆపదలో ఉన్నాం, బల్లకట్టు పంపండి అని దానికి అర్థం. అప్పట్లో అదే మాకు టెలిఫోను. ఆ పొద్దు పొగ లేచింది. నేను సంచి భుజానికి తగిలించుకుని మా ఒడ్డున నిలబడ్డాను. బల్లకట్టు వాళ్లు నీళ్ల వైపు చూసి తల అడ్డంగా ఊపారు. పొగ సన్నబడి ఆగితే గడ్డి అయిపోయిందని లెక్క. ఒక్కసారిగా ఆగితే నీళ్లు పోసి ఆర్పేశారని, ఇక ఎవరూ రానక్కర్లేదని. ఆ రోజు ఒక్కసారిగానే ఆగింది. చెల్లెలు బతికింది. బిడ్డ బతకలేదు.

మరుసటేడు చెల్లెలు మళ్లీ నీళ్లోసుకుంది. నెలలు శ్రావణానికి నిండుతాయి, అంటే సరిగ్గా ఏరు పొంగే కాలం. ఎండాకాలంలోనే బల్లకట్టెక్కి వెళ్లి, పిల్లని ఇప్పుడే నాతో పంపండని వాళ్ల అత్తగారి కాళ్లావేళ్లా పడ్డాను.

“తొలి కాన్పు మీది, రెండోది మాది గదమ్మా” అందావిడ, తాపీగా వక్కలు కత్తిరిస్తూ. “కోడలు గీ యింట్ల కనకపోతే ఊళ్లో మేం తలెత్తుకునేదెట్ల?”

తల ఎత్తుకోవడం! ఈ లోకంలో మనుషులు చచ్చేదంతా ఎవరో ఒకరు తల ఎత్తుకోవడానికే.

ఆ ఎండాకాలంలోనే మా రేవుకు మోటారు పడవ వచ్చింది. రేవు పాటదారు కొన్నాడు. ఏటేటా వేలంలో రేవును పాడుకుని, దాటేవాళ్ల దగ్గర వసూలు చేసుకునే ఆసామి ఆయన. ఊళ్లో సగం చేలు కూడా ఆయనవే. సాగర్ డ్యాము పనుల దగ్గర వాడి వదిలేసిన చిన్న చెక్క పడవ అది. చదునైన అడుగు, వెనక తగిలించిన పెట్రోలు ఇంజను. మామూలప్పుడు మనుషుల్ని దాటిస్తుందని, ఏరొస్తే మోకు కట్టి బల్లకట్టునే లాగేస్తుందని పాటదారు చాటించాడు. ఆ మాట వినగానే మా ఆయన లారీ మానేసి, తోలడానికి నేనొస్తానని ఆయన ముందు నిలబడ్డాడు. అడగకుండా తన నోటితో తను మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. చెల్లెల్ని బండిలో పడుకోబెట్టి, బండిని బల్లకట్టు ఎక్కించి, శ్రావణం వరదలో ఇవతలికి లాగాలి. మాకు కావలసింది అంతే.

పడవలోనే కూర్చోబెట్టి తేవచ్చుగా అని ఎవరైనా అనొచ్చు. నొప్పులు పడే మనిషిని బురదగట్టు దించి, ఊగే పడవలో మడిచి కూర్చోబెట్టి, ఇవతల మళ్లీ గట్టెక్కించి చూడండి, తెలుస్తుంది. బండి అయితే నేరుగా బల్లకట్టు ఎక్కుతుంది, నేరుగా నా ఆసుపత్రి గుమ్మం ముందు ఆగుతుంది.

తీరా నీళ్లలో దింపితే ఆ పడవ పేరు గొప్ప ఊరు దిబ్బ. ఇంజను అరుపు ఆకాశంలో, నడక నత్త నడక. ముక్కు పైకెత్తేది, తోక నీళ్లలో ముంచేది. వెనక గుంటపడి, ఆ గుంటలోంచి బయటికి రాలేక గింజుకునేది. బల్లకట్టు మోకు కట్టారా, ఇక చూడక్కర్లేదు. మోకు తోకని పట్టి ఉంచేది, మా ఆయన ఇంజను ఎటు తిప్పినా పడవ తిరిగేది కాదు. “లారీ తోలినోడికి పడవేం తెలుస్తదిరా” అని పాటదారు పదిమందిలో తిట్టాడు. మా ఆయన తల వంచుకుని విన్నాడు. ఇంటికొచ్చాక నేను తిట్టాను, పాటదారుని.

డ్యాము దగ్గర వర్క్‌షాపులో పడవల పని చూసే మెకానిక్ ఒకాయన మా ఆయనకు లారీ రోజుల నుంచి స్నేహితుడు. బతిమాలితే ఒక ఆదివారం సామాన్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. ఒకసారి పడవలో అటూ ఇటూ తిరిగి, “దీనికేం రోగం లేదు బావా. మీరు పెట్టిన రోగాలే అన్నీ” అన్నాడు.

ముందు అడుగు బల్లలు ఊడదీశాడు. కింద నీళ్లు, బురద, ఎన్నాళ్లవో. ఆ బరువంతా మేం ఊరికే మోసుకు తిరుగుతున్నాం. తోడి పారబోశాం. వెనక ఉన్న పెట్రోలు డబ్బాని ముందుకు జరిపి, గొట్టం పొడుగు చేశాడు. ఇంజను కిందికొస మరీ బయటికి తన్నుకుని ఉందని, అందుకే ముక్కు లేస్తోందని, దాన్ని ఆపే మేకును ఒక బెజ్జం లోపలికి మార్చాడు. నీళ్లలో తిరిగే పంకా తీసేసి, రెక్కలు తక్కువ వాలుగా ఉన్న ఇంకో పంకా బిగించాడు. దీంతో పరుగు కొంచెం తగ్గుతుందట, లాగుడు పెరుగుతుందట. “ఘాట్ ఎక్కేటప్పుడు మొదటి గేరు లాగన్నమాట” అన్నాడు మా ఆయన. “అంతే బావా” అన్నాడు మెకానిక్. మోకును తోకకు కట్టొద్దని, ఇంజనుకు బాగా ముందు, పడవ నడుము దగ్గర ఒక ఇనప గుంజ నిలబెట్టి దానికి కట్టించాడు. తోకకు స్వేచ్ఛ ఉంటేనే పడవ తిరుగుతుందని చెప్పాడు.

“ఇంకొక్కటే మిగిలింది అక్కా” అన్నాడు చివరికి నాతో. “కూర్చునేవాళ్లు ముందుకు జరగాలి. ఎనకాల ఇంజను బరువే చాలు. మనుషులు కూడా ఎనకాలే కూర్చుంటే ఎన్ని చేసినా దండగ. బల్లకట్టు లాగేటప్పుడు ఇది నీళ్ల మీదకి లేచి ఉరకదు, కనీసం చదునుగా ఉండాలి. తోక మునిగితే లాగుడు లేదు, పైగా ఎనక అంచు మీంచి నీళ్లొస్తయ్యి.”

నన్ను ముక్కు దగ్గర కూర్చోబెట్టి తను నా వెనక కూర్చున్నాడు, మా ఆయన ఇంజను దగ్గర. ఏటి మధ్యకు వెళ్లాక మా ఆయన ఇంజను పెంచాడు. ముక్కు లేచింది, ఒక్క క్షణం పాత వేషమే వేసింది. తర్వాత మెల్లగా ముక్కు దిగి, తోక పైకొచ్చింది. అడుగున నీళ్ల మోతే మారిపోయింది. చిల్లపెంకు విసిరితే కప్పగంతులు వేస్తుందే, అలా నీటి మీద జారిపోయింది పడవ. అవతలి ఒడ్డు తాటిచెట్లు ఉరికి మీదకొచ్చాయి. నా మొహమంతా నీళ్లు, కొన్ని ఏటివి, కొన్ని నావి. ఈసారి చెల్లెలి బిడ్డ బతుకుతుందని నేను నమ్మింది ఆ నిమిషమే.

మర్నాడు పాటదారు వచ్చాడు. పడవ బాగుపడిందని విని, పంచె మడమల దాకా విడిచి, కూడా ఇద్దరు చుట్టాల్ని వేసుకుని వచ్చాడు. వెనకబల్ల మీద దిండు వేయించుకుని కూర్చున్నాడు. చుట్టాలు అటొకరు ఇటొకరు. ముగ్గురూ పిండివంటలు తిని పెరిగిన ఒళ్లు. ఇంజను వేయగానే పడవ మళ్లీ ముక్కెత్తి తోక ముంచింది.

మా ఆయన ఇంజనుతోనే కుస్తీ పడుతున్నాడు. నేను గట్టు మీదున్నాను, ఊరుకోగలనా. “అయ్యగారూ, తమరు కొంచెం ముందుకు జరిగి కూర్చుంటే లేస్తదండి” అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “బండిలో ముందు కూర్చునేదెవడు నర్సమ్మా? పాలేరు. ఎనకాల దిండేసుకుని కూర్చునేదెవడు? నేను. పడవేంది, ఏట్లో నడిచే బండేగా. మీ జీతగాళ్లు కూర్చునే చోట, నీళ్లు చిమ్మే చోట కూర్చోమంటావా నన్ను?”

“బండికి ఎద్దులు ముందుంటయ్యి అయ్యగారూ. దీనికి ఎద్దు ఎనకాలుంది” అన్నాను. చుట్టాలిద్దరూ నవ్వు ఆపుకున్నారు. పాటదారుకి నవ్వు రాలేదు.

“కాన్పులు చేసుకో. పడవ సంగతి నాకొదిలెయ్” అని, మా ఆయన వైపు తిరిగాడు. “వచ్చే సంతకి మిరపకాయల బండ్లున్నయ్యి. బల్లకట్టుని లాగిందా, సరే. లేదా, ఈ పడవ సాగర్ పంపించి డ్యాము చూడవచ్చేవాళ్లని తిప్పుకుంటా. నువ్వు నీ లారీకి పో.”

మింగలేక కక్కలేక ఇంటికొచ్చాం. ఒక మనిషి తన పిర్రలు రెండు బారలు ముందుకు జరపడు, అందుకని మా చెల్లెలి బిడ్డ మళ్లీ చావాలి. నేను చెంబు గోడకేసి కొట్టాను. “చెంబేం చేసిందే” అన్నాడు మా ఆయన, దాని సొట్ట చూస్తూ.

చెంబుకు సొట్ట పడ్డాక నాకు బుద్ధి వచ్చింది. ఆయన ముందుకు రాడు, సరే. ముందు చోటునే గొప్పది చేద్దాం. మా పెళ్లికి మిషను వాళ్లిచ్చిన పేము కుర్చీ ఒకటుంది, మా ఇంట్లో ఉన్న కుర్చీ అదే. దాని కాళ్లు సగానికి కోయించి, పడవ ముక్కు దగ్గర మేకులతో బిగించమన్నాను. నీళ్లు చిమ్మకుండా ముందు నూనెగుడ్డ కట్టాం. కుర్చీలో ఎర్ర జంపఖానా పరిచాను. సంత రోజు పొద్దున్నే ఆయన వస్తుంటే ఎదురు వెళ్లి, “డ్యాము కాడ పెద్దాఫీసర్లంతా ముందే కూర్చుంటారంట అయ్యగారూ. ఎనకబల్ల కూలోళ్లకంట. మాకు తెలవక తప్పు చేశాం” అన్నాను. అది నిజమో అబద్ధమో నాకు తెలియదు, కనుక్కోవాలనీ అనిపించలేదు.

ఆయన కుర్చీని చుట్టూ తిరిగి చూశాడు. జంపఖానాని చేత్తో తడిమాడు. వెళ్లి కూర్చున్నాడు. చుట్టాలు ఆయన వెనకాలే, ఆయనకి దగ్గరగా ఉండటం కోసం వాళ్లూ ముందుకే జరిగారు. పడవ పలకలా చదునుగా నిలిచింది. మోకు బిగుసుకుంది, మిరపకాయల బండ్లతో సహా బల్లకట్టు కదిలింది. ఒడ్డున జనం ఈలలు. అవతల దిగి ఆయన అందరితో అన్న మాట వినండి: “నేను ముందు కూర్చుంటేగాని కదల్లా, చూశారుగా.” ఆ మాట అక్షరాలా నిజం. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

కుర్చీ వేసింది నువ్వేగా అంటారు. అవును, నేనే. ఇంకేం దారి చూపించారు నాకు?

ఇక ఆ కుర్చీ ఆయనదైపోయింది. పడవలో ముందు కూర్చోవడం జీతగాళ్ల పని అన్న మనిషే, ముందు ఎవరూ కూర్చోకూడదని శాసనం చేశాడు. ఆయన ఉన్నా లేకపోయినా ఆ కుర్చీ ఖాళీగా ఉండాలి. కుర్చీ పక్కన కూర్చున్నా మర్యాద తప్పినట్టే. ఎక్కినవాళ్లంతా వెనక్కి వెళ్లి ఒకరి మీద ఒకరు పడి కూర్చునేవాళ్లు. పడవ మళ్లీ ముక్కెత్తింది. మా ఆయన రెండు బస్తాల్లో ఇసక నింపి కుర్చీ కింద, పక్కన పెట్టాడు. దానితో కొంత నయమైంది. పాటదారు చూసి, “నా కుర్చీ కాడ ఇసక బస్తాలేందిరా, నేనేమన్నా మట్టి మోసేవాణ్నా” అని తన కాలితోనే ఏట్లోకి తన్నాడు. కుక్కతోక వంకర అని ఊరికే అన్నారా.

శ్రావణం వచ్చింది. ఏరు ఎర్రగా, నిండుగా, చెట్లని మోసుకుంటూ దిగింది. పాటదారు గుంటూరు వెళ్లాడు. ఒక పొద్దున అవతల పొగ లేచింది. ఖాళీ పడవలో మా ఆయన, నేను. నేను కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. పడవ లేచి ఉరికింది. ఆ రోజు బల్లకట్టు అవతలి ఒడ్డునే ఉండటం మా అదృష్టం. దాని మీద బండి, బండిలో చెల్లెలు పళ్లు కరుచుకుని పడుకుని ఉంది. వాళ్ల అత్తగారు తల దగ్గర కూర్చుని ప్రార్థన చేస్తోంది. తల ఎత్తుకోవడం సంగతి ఆవిడ అప్పటికి మరిచిపోయినట్టుంది. కడుపు తడిమి చూశాను. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. డాక్టరమ్మ వచ్చే రోజు అదే. నా చేతుల్లో అయ్యే పని కాదు, ఆవిడ చేతుల్లో పెట్టాలి.

మా ఆయన మోకును గుంజకు కడుతుంటే పాటదారు చుట్టాలు గట్టు దిగి వచ్చారు. అవతలి ఊళ్లో పెళ్లికి వెళ్లి ఏరొచ్చి చిక్కుకుపోయారట. ఐదారుగురు. బల్లకట్టు మీద బోలెడు చోటుంది, అక్కడెక్కండని చెప్పాను.

“కాన్పుమనిషితోనా? మైల” అన్నాడు ఒకడు, ముక్కు మీద కండువా పెట్టుకుని. అందరూ పడవెక్కి వెనకబల్ల చుట్టూ కూర్చున్నారు.

“అయితే ముందుకి జరగండి. కుర్చీలో ఒకరు కూర్చోండి, పక్కన ఇద్దరు” అన్నాను.

“ఆయన కుర్చీలోనా? తెలిస్తే మమ్మల్ని బతకనిస్తాడా?”

వాళ్లని దించేదాకా పడవ కదలనివ్వనని నేను గొడవ పెట్టుకునేదాన్నే. చెల్లెలు బండిలోంచి “అక్కా” అంది. ఇక గొడవకు టైము లేదు. నేను బల్లకట్టు మీదకి, బండి దగ్గరికి వెళ్లాను. పడవ బయల్దేరింది.

ఏటి నడుమకు వచ్చేసరికి నాకు అర్థమైపోయింది. ఇంజను గొంతు చించుకుంటోంది, బల్లకట్టు ముందుకు పోవడం లేదు, కిందికి పోతోంది. మా రేవుకు దిగువన నల్లరాళ్లున్నాయి. నీళ్లు వాటి మీద తెల్లగా విరుగుతున్న చోటు కనపడుతోంది. పడవ తోక ఎంత మునిగిందంటే వెనక అంచు మీంచి ఎర్రనీళ్లు లోపలికి దూకుతున్నాయి. ఆ మనుషులు కాళ్లు పైకి ముడుచుకున్నారేగాని ముందుకు జరగలేదు. ముక్కు మీద ఖాళీ కుర్చీ, ఎర్ర జంపఖానాతో, అందరికంటే ఎత్తులో ఊరేగుతోంది. నేను చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆ కుర్చీ వంక చూశాను. దేవుణ్ని అడగాల్సింది పోయి, దాన్ని తిట్టాను.

అంతలో ఇంజను మోత తగ్గింది. ఆగిపోయిందనుకున్నాను. అది ఆగలేదు, మా ఆయన తగ్గించాడు. మోత లేకపోయేసరికి ఆయన మాట మోకు మీదుగా నా దాకా వినపడింది. అరవలేదు. అన్నం పెట్టమని అడిగినట్టే అన్నాడు.

“ముందుకి జరగండి. లేకపోతే దీన్ని ఇక్కడే ఆపేస్తా. అందరం కలిసే పోదాం.”

ఇంజను మీద చెయ్యి పెట్టి వాళ్లని చూస్తూ కూర్చున్నాడు. రాళ్ల చప్పుడు దగ్గరికొస్తోంది. ముందు ఒకడు లేచాడు. తర్వాత అందరూ పాకుతూ, ఒకర్నొకరు తోసుకుంటూ ముందుకు పడ్డారు. పాటదారు కుర్చీలో ఇద్దరు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. మర్యాద, మైల అన్నీ ఏట్లో కలిశాయి. తోక లేచింది. మా ఆయన ఇంజను పెంచాడు. మోకు నీళ్లు చిందిస్తూ బిగిసింది. బల్లకట్టు వరదకు ఎదురు తిరిగి మా గట్టు వైపు నడిచింది.

బండి నా ఆసుపత్రి గుమ్మం ముందు ఆగింది. డాక్టరమ్మ అప్పుడే చేతులు కడుక్కుంటోంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. నీలంగా పుట్టి, వీపు మీద తడితే ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే మా ఆయన వరండా దిగి, పడవలో నీళ్లు తోడటానికి వెళ్లాడు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఆ చుట్టాలే గుంటూరు నుంచి వచ్చిన పాటదారుకి చెప్పారు: మీ డ్రైవరు మమ్మల్ని నడి ఏట్లో ముంచబోయాడు, మీ కుర్చీలో బలవంతాన కూర్చోబెట్టాడు అని. ముంచబోయింది సరే, రెండో మాట విన్నాకే ఆయనకు కళ్లు ఎర్రబడ్డాయట. మా ఆయన్ని ఆ సాయంత్రమే రేవులో అడుగు పెట్టొద్దన్నాడు. వేరే ఇద్దరు వచ్చి తోలి చూశారు. ఖాళీ కుర్చీ ముందు, జనం వెనక, పడవ ఎవరి మాట వింటుంది? పనికిమాలిన పడవని పేరు పెట్టి, రేవు గట్టు పక్కన పాటదారు పశువుల కొష్టంలో బోర్లించారు. కుర్చీని మాత్రం ఊడదీసి, కోసిన కాళ్లు మళ్లీ అతికించుకుని, ఆయన వసారాలో వేసుకున్నాడు. బల్లకట్టుకు మళ్లీ గెడలే గతయ్యాయి.

మరుసటేడు శ్రావణం. మళ్లీ లారీ పట్టిన మా ఆయన పిడుగురాళ్ల నుంచి సెలవు పెట్టి వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. ఏరు రాకముందే చెల్లెలు మా ఇంటికి వచ్చి ఉంది, దాని కూతురు నా చాపమీద పాకుతోంది. అవతల పొగ లేచింది. ఎవరింటి పిల్లో నాకు తెలియదు. ఏరు పోయినేటి కంటే ఎక్కువగా ఉంది. నేను మా ఆయన్ని లేపి, ఇద్దరం పాటదారు ఇంటికి పరుగెత్తాం. మా ఆయన్ని లోపలికి రానివ్వరు కనుక వాకిట్లో నిలబడ్డాడు. నేను వసారా మెట్టు దాకా వెళ్లాను. పాటదారు నా పేము కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“అవతల పొగ లేచింది అయ్యగారూ. పడవ ఇప్పించండి” అన్నాను. దణ్ణం కూడా పెట్టాను. నేను, ఆయనకి.

“పడవుంది నర్సమ్మా” అన్నాడు. “తోలేవాడు లేడుగా.”

“అదుగో, వాకిట్లోనే ఉన్నాడు.”

ఆయన వాకిట్లోకి చూశాడు. చూడనట్టు కాదు, బాగానే చూశాడు. “వాడు నా మనిషి కాదుగా” అన్నాడు, తాపీగా.

ఇద్దరం గట్టు మీదకి వచ్చి నిలబడ్డాం. పడవ ఉన్న కొష్టం మా వెనకే ఉంది, అరిస్తే వినపడేంత దూరంలో. ఎంతసేపు చూశామో తెలియదు. పొగ సన్నబడలేదు. ఒక్కసారిగా ఆగిపోయింది.